కొల్లేటి ఒడ్డున కాపలా

తాడేపల్లిగూడెం పేరు చెబితే ఎవరికైనా ముందు ఉల్లిపాయలు జ్ఞాపకం వస్తాయి. నాకు మాత్రం నీళ్ళు జ్ఞాపకం వస్తాయి. మా వూరి మీదుగా పోయే ఏలూరు కాలువలోనే, జీలుగబెండ్లు నడుముకు కట్టుకుని, నేను ఈత నేర్చుకున్నాను. ఆ కాలువలోనే మా చిన్న మేనమామ పోయాడు.

కాలువకు కొత్తనీరు వదిలిన రోజులవి. రేవులో ఎవరో కుర్రవాడు కొట్టుకుపోతున్నాడని కేకలు వినిపించాయి. మామయ్య మంచి ఈతగాడు. చొక్కా అయినా విప్పకుండా దూకాడు. మునిగేవాడు మెడ వాటేసుకున్నాడు. ఇద్దరూ తిరిగి రాలేదు. అప్పటికి నాకు పదేళ్ళు. “మీ మామయ్య ఎంత ధైర్యవంతుడురా!” అని వూరంతా అన్నారు. మా అమ్మ మాత్రం ఆ మాట ఎన్నడూ అనలేదు.

అందుకనే, ఉల్లిపాయల కొట్లో పద్దులు రాసుకునే నేను, వరదల్లో జనాన్ని ఆదుకునే స్వచ్ఛంద సేవకుడిగా చేరతానంటే అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజున అన్నం వడ్డిస్తూ, “ఇంటికి ఒకడు చాలడట్రా?” అన్నది.

ఈ పని కొత్తదేమీ కాదు. కాళ్ళకు బద్దలు కట్టుకుని మంచుకొండల మీద జారే ఆట వున్నది కదా, స్కీయింగ్ అంటారు. 1936లో అమెరికాలో ఛార్లెస్ మైనట్ డోల్ అనే భీమా వ్యాపారి ఆ ఆటలో కాలు విరిగి మంచులో పడిపోయాడు. పలికే నాథుడు లేడు. చివరకు స్నేహితులే ఒక పాత రేకు సంపాదించి, దాని మీద పడుకోబెట్టి కిందికి లాక్కువచ్చారు. అలా లాగిన స్నేహితుడే కొన్ని నెలలకు అదే ఆటలో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ దుఃఖంలోంచే 1938లో అక్కడ స్వచ్ఛంద గస్తీ దళం పుట్టింది. గుమాస్తాలూ మేష్టర్లూ సెలవు రోజుల్లో కొండమీద కాపలా కాస్తారు. మనకు మంచుకొండలు లేవు, కొల్లేరు వున్నది. మనకూ అటువంటి ఏర్పాటు వచ్చింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ‘ఆపదమిత్ర’ పథకం మొదలుపెట్టింది. ముందు 25 రాష్ట్రాలలో వరదభయం ఎక్కువగా వున్న 30 జిల్లాలు తీసుకుని, జిల్లాకు 200 మంది చొప్పున తర్ఫీదు చేశారు. తరువాత దేశం మొత్తం మీద 350 జిల్లాలకూ లక్షమంది సేవకులకూ విస్తరించారు.

నా తర్ఫీదు 12 రోజులు. మొదటి రోజునే నా గర్వం దిగిపోయింది. ఒక పెద్ద చెరువు దగ్గర మమ్మల్ని నిలబెట్టి, ఒకతన్ని మునిగేవాడిలా నటించమన్నారు. నాకు ఈత వచ్చును గదా అని అందరికంటె ముందు నేను దూకాను. అతగాడు రెండు చేతులతో నా మెడ పట్టి కిందికి తొక్కేశాడు. గుటకలు మింగుతూ పైకి వచ్చేసరికి గట్టు మీద మా గురువుగారు తాపీగా, “ఇందాక పోయేవాడు ఒకడే. ఇప్పుడు ఇద్దరు” అన్నారు. మామయ్య సంగతి ఆయనకు తెలియదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వాళ్ళు నేర్పిన వరస చాలా చిన్నది. ముందు కేక వేసి ధైర్యం చెప్పు. కర్ర అందితే అందించు. అందకపోతే తాడు విసురు. అదీ కుదరకపోతే పడవ తీసుకు వెళ్ళు. ఇవేవీ సాధ్యం కానప్పుడే, తేలే చొక్కా తొడుక్కుని, నీళ్ళలో దిగు. దూకడం మొదటి పని కాదు, ఆఖరి పని. ఇంకా ఎన్నో నేర్పారు. వూపిరి ఆగిన మనిషి రొమ్ము మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు చొప్పున, 5 సెంటీమీటర్ల లోతు దిగేలా నొక్కాలి. 30 నొక్కుళ్ళకు రెండుసార్లు నోటితో వూపిరి పొయ్యాలి. పాము కరిస్తే గాటు పెట్టకూడదు, నోటితో పీల్చకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా వుంచి ఆస్పత్రికి చేర్చాలి. ఇవి ప్రతి ఇంట్లోనూ తెలిసి వుండవలసిన సంగతులు గనక ఇక్కడ చెబుతున్నాను.

ఇక కొల్లేటి సంగతి. గూడెంలో రైలెక్కి ఉంగుటూరు, పూళ్ళ, భీమడోలు, దెందులూరు దాటితే ఏలూరు. ఎడమ చేతి వైపు కనుచూపు మేర పల్లం, చేలూ చెరువులూను. కృష్ణకూ గోదావరికీ మధ్య దేవుడు మరచిపోయి వదిలేసిన పళ్ళెం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇంకా ఎన్నో కాలువలూ డ్రెయిన్లూ వచ్చి అందులో పడతాయి. వచ్చే దారులు బోలెడు. పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. అదైనా సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరిగిగాని సముద్రం చేరదు. 1999లో దీన్ని పక్షుల కోసం అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో ప్రభుత్వం లోపలి చేపల చెరువుల గట్లను పెద్దయెత్తున కొట్టించింది. గట్టూ, గుర్రపుడెక్కా అడ్డుపడిన కొద్దీ నీరు నిలుస్తుంది. నీరు నిలిచిన కొద్దీ లంకలవాళ్ళకు కష్టం.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. ఆ వార్త దేశమంతా చూసింది. కాని ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయో చాలామంది ఆలోచించలేదు. అక్కడ వీధుల్లో నీరు తీస్తూ వుంటే, ఇక్కడ లంకల్లో అంగుళం అంగుళంగా ఎక్కింది. కొల్లేటి వరద వురుకుతూ రాదు. చుట్టంలా నెమ్మదిగా వచ్చి, చుట్టంలాగే పట్టాన పోదు. పెదయడ్లగాడి దగ్గర రోడ్డు మీదికి నీళ్ళు వచ్చి ఏలూరు–కైకలూరు రాకపోకలు ఆగిపోయాయి. నేను కొట్లో సెలవు చెప్పి బయలుదేరాను. అమ్మ గుమ్మం దాకా వచ్చింది గాని మాట్లాడలేదు.

అక్కడ మా పని వీరోచితమైనదేమీ కాదు. మందులూ మంచినీళ్ళూ చేరవెయ్యడం, నిండు చూలాలిని పడవ ఎక్కించడం, మునిగిన రోడ్డు అంచు తెలిసేలా కర్రలు పాతడం. దోనె నడపడం మాత్రం లంకలవాళ్ళ దగ్గరే నేర్చుకోవాలి. గెడ నేలకు తగలగానే కింద రోడ్డో, బురదో, చెరువుగట్టో చెప్పేస్తారు.

మూడో రోజు సాయంత్రం ఒక లంక దగ్గర, మంచినీళ్ళ డబ్బాలు సైకిలుకు తగిలించుకుని నడిపించుకుంటూ వస్తున్న పన్నెండేళ్ళ కుర్రవాడు తూము దగ్గర కాలు జారాడు. రోడ్డుకు అడ్డంగా నీరు విసురుగా పోతున్నది. సైకిలు మునిగింది. వాడు కొట్టుకుపోయి, సగం మునిగిన తుమ్మకొమ్మ పట్టుకుని వేళ్ళాడాడు. దోనెలన్నీ అవతలి ఒడ్డున వున్నాయి. మా కర్ర అందలేదు.

నా చేతిలో తాడు వున్నది, చివర ఖాళీ నూనెడబ్బా కట్టి. విసిరాను, వాడి దాకా పోలేదు. మళ్ళీ విసిరాను, సరిగ్గా వాడి ఎదురుగానే పడింది గాని అందుకునే లోపల నీరు దిగువకు లాక్కుపోయింది. వెనుక జనం పోగయ్యారు. కుర్రవాడి తాతగారు నా భుజం పట్టి కుదిపి, “తాడుతో ఆటలేమిటయ్యా! ఈత రాదా నీకు? దూకవేం?” అని ఏడుస్తూ అరిచాడు. ఎవరో ‘పిరికిపంద’ అన్నారు.

నాకు ఈత వచ్చు. కాళ్ళు దూకమనే చెబుతున్నాయి. మామయ్య కాళ్ళూ ఆనాడు అదే చెప్పి వుంటాయి. “కొమ్మ వదలకురా అబ్బాయ్, తాడు వస్తోంది, నావైపే చూడు” అని కేకలు వేస్తూ తాడు తిరిగి చుట్టుకున్నాను. అది చుట్టడానికి పట్టిన వ్యవధి అర నిమిషం వుంటుందేమో. నా జీవితంలో అంత పెద్ద అర నిమిషం లేదు. ఈసారి వాడికి ఎగువగా, తల మీదుగా అవతల పడేలా విసిరాను. నీరే తాడును తెచ్చి వాడి చేతికి ఇచ్చింది. నేను నేలమీద కూలబడ్డాను; తోటివాళ్ళు నా నడుము పట్టుకున్నారు. లాగాము. వాడు గట్టెక్కి ముందు అడిగింది సైకిలు గురించి.

తాతగారు ఆ తరువాత నాతో మాట్లాడలేదు. చీకటి పడ్డాక మేము తిరుగు ప్రయాణమవుతుంటే దోనె తానే గెడ వేసి దిగబెట్టాడు. దిగేటప్పుడు మాత్రం, “తాడు తడిసింది. ఎండబెట్టుకో అబ్బాయ్, కుళ్ళిపోతుంది” అన్నాడు.

ఇంటికి వచ్చి సంగతంతా చెప్పాను. అమ్మ ఏమీ అనకుండా తాడు తీసుకువెళ్ళి పెరట్లో దండెం మీద ఆరవేసింది.

ఆ సంక్రాంతి వెళ్ళాక అమ్మను ఆటపాక తీసుకువెళ్ళాను. గూడబాతులు చెట్ల మీద గూళ్ళు కట్టుకుని సంసారాలు చేస్తున్నాయి. సెప్టెంబరులో నన్ను అంత భయపెట్టిన కొల్లేరేనా ఇది అనిపించేటంత ప్రశాంతంగా వున్నది. అమ్మ చాలాసేపు నీళ్ళకేసి చూసి, “మన రేవులో కూడా ఒక తాడు కట్టించరాదట్రా?” అన్నది. మామయ్య పోయిన తరువాత ఆ రేవు మాట అమ్మ ఎత్తడం అదే మొదటిసారి.

కట్టించాను. రేవు పక్క వేపచెట్టుకు మేకు కొట్టి, తాడూ డబ్బా తగిలించాము. ఇంతవరకూ దాని అవసరం రాలేదు. ఒకనాడు ఎవరో ఆ తాడు విప్పి బట్టలు ఆరవేసుకున్నారట. అమ్మ స్వయంగా వెళ్ళి, నాలుగు చీవాట్లు పెట్టి, మళ్ళీ మేకుకు తగిలించి వచ్చింది.