కొబ్బరిరాశి

అమలాపుర ప్రాంతమున నేను తెలుగు పండితుడనై యుండగా, లెక్కల మాష్టారు సెలవుపై పోయిన యొకనాడు అంకశ్రేఢి చెప్పవలసి వచ్చినది. "1 మొదలు 20 వరకు కూడుడు" అంటిని. ఒక బాలుడు తక్షణమే "210 అండి" అనెను. పుస్తకము వెనుక జవాబు చూచినాడని తలచి, వానిని బల్లపై నిలబెట్టితిని.

"మా నాన్న కొబ్బరికాయలు అడుగున 20, ఆపైన 19, ఇట్లు కొనకు ఒక్కటిగా పేర్చునండి. ప్రక్కన అట్టి రాశినే తలక్రిందుగా ఊహించితిని. వరుసకు 21, 20 వరుసలకు 420, సగమే మనది" అని వాడు కన్నీరు తుడుచుకొనెను. నేనే దింపి, తరగతియెదుట తప్పొప్పుకొంటిని.

పిదప పావులూరి మల్లన పేర ప్రసిద్ధమైన పద్యము చదివితిని. చదరంగపు 64 గళ్ళలో 1, 2, 4 అని రెట్టించు గుణశ్రేఢి మొత్తము అందు నిమిడియున్నది: 18446744073709551615. "ఇది యెట్లు కూడుదుము?" అంటిని.

"ఒక గింజ అప్పు తెత్తమండి. మొదటి గడితో 2, రెండవదానితో 4, మూడవదానితో 8. తుదకు 65వ గడికి సరిపోవును. అప్పు తీర్చివేయవలెను" అనెను వాడే.