ఉయ్యాల దించండి, చాప పరచండి



సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలితే కోదాడ చుట్టుపక్కల పల్లెల్లో తల్లులు నాట్లకు పోతారు. బిడ్డ చీర ఉయ్యాలలో ఉంటుంది. నానమ్మ ఊపుతూ, ఏడిస్తే ఫోన్ చూపిస్తుంది. మోకాళ్ల నొప్పులతో నేల మీద కూర్చుని ఆడించలేని ఆమెను ఏమనగలం? కానీ ఉయ్యాలలో బిడ్డకు మెడ ఎత్తే పని లేదు, దొర్లే చోటూ లేదు.

అందుకే ప్రార్థనకు వెళ్లిన ఇంట్లో మేము ముందు చాప అడుగుతాము. మెలకువగా ఉన్న బిడ్డను బోర్లా వేసి, ఎదురుగా స్టీలు గ్లాసు పెట్టి, పక్కనే కూర్చుంటాము. ఇంకా పాకని పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు ఇలా బోర్లా గడపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. నిద్ర మాత్రం వెల్లకిలానే.

మన పెద్దలు బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచేవారు. విశ్వాసులు పంచవచ్చా అని కొందరు అడిగారు. పంచండి, మాకూ రెండు పంపండి. చక్రాల వాకర్ మాత్రం కొనకండి. అది నడక నేర్పదు. పిల్లలు దానితో మెట్ల మీద నుంచి పడుతున్నారని కెనడా 2004లో నిషేధించింది. మంచం కోడు పట్టుకుని లేవనివ్వండి. ఎఫ్రాయిముకు దేవుడు నడక నేర్పిన సంగతి హోషేయ 11:3లో ఉంది. ఆయనా చెయ్యి పట్టుకునే నేర్పాడు.

పక్కింటి పిల్ల పది నెలలకే నడిచిందని బెంగ వద్దు. భారతదేశంతో సహా అయిదు దేశాల పిల్లలను పరిశీలిస్తే, సొంతంగా నడవడం 8వ నెల నుంచి సుమారు 18వ నెల దాకా కనిపించింది. కొందరు దోగాడకుండానే నడిచారు. అయితే తొమ్మిది నెలలు దాటినా ఆనుకోకుండా కూర్చోకపోయినా, ఏడాదిన్నరకు నడవకపోయినా, ఎప్పుడూ ఒక చెయ్యే వాడుతున్నా అంగన్‌వాడీ టీచరుకు చెప్పండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పరీక్ష ఉచితం.

మా సంఘంలో ఒక బిడ్డ 11 నెలలకూ కూర్చోలేదు. మేనమామ కూడా ఆలస్యంగానే నడిచాడని ఇంట్లోవాళ్లు ఊరుకున్నారు. ప్రార్థన నూనె చాలన్నారు. మేము ప్రార్థన చేశాము, అదే రోజు ఆశా కార్యకర్తను వెంటబెట్టి ఆసుపత్రికి పంపాము. తల్లి కూలి మానుకుని వ్యాయామం చేయించడానికి తీసుకెళ్తోంది. కూలి పోవడం ఆ ఇంటికి చిన్న మాట కాదు. ఆ రోజుల బియ్యం సంఘం చూసుకుంటోంది. మొన్న ఆదివారం ఆరాధనలో ఆ బిడ్డ బల్ల పట్టుకుని లేచి నిలబడింది. పాట ఆపేసి అందరం చూశాము.