రుద్దేదెవరు, పూసేదెవరు?

మా అబ్బా షికాగో వచ్చిన మూడో రోజు. ఫజర్ నమాజ్ అయ్యాక హాల్లో ఓ మూల కూర్చుని కార్పెట్ అంచు పైకి లాగి చూస్తున్నారు.

"ఏంటి అబ్బా?" అన్నాను.

"కింద లకడీ ఉంది బేటా. మంచి లకడీ. ఇన్నాళ్లూ దీన్ని కప్పి పెట్టావా?"

నాకు తెలియక కాదు. మా ఇల్లు 1956లో కట్టింది. ఆ రోజుల్లో ఇక్కడి ఇళ్లలో నేలంటే చాలాచోట్ల ఓక్ చెక్కే. తర్వాత వచ్చినవాళ్లు దాని మీద కార్పెట్ పరిచారు. మేం ఇల్లు కొన్నప్పుడు అది అలాగే ఉంది, అలాగే ఉంచాం. ఒక్క బాత్రూం ముందు నడవలో మాత్రం చెక్క బయటికే ఉంది. ఆరేళ్లుగా వజూ చేసుకుని తడికాళ్లతో అందరం నడిచేది దాని మీదే. అక్కడ పూత పోయి చెక్క బూడిద రంగుకి తిరిగింది.

మన ఊళ్లలో నేలంటే నాపరాయి, మొజాయిక్, ఇప్పుడైతే టైల్స్. చెక్క తలుపులకి, మంచాలకి, అల్మారాలకి. నేలకి చెక్క అంటే మనవాళ్లకి హైరత్. అందుకే కాస్త చెబుతాను. ముప్పావు అంగుళం మందమున్న పట్టీలు. ఒకదాని నాలుక ఇంకోదాని గాడిలో దూరేలా బిగిస్తారు. పైన పూత వేస్తారు. పూత అరిగిపోతే మిషన్‌తో చెక్కని పైపైన రుద్ది మళ్లీ కొత్త పూత. నాలుకకి పైన ఎంత చెక్క మిగిలుందో అదే ఆ నేలకి మిగిలిన ఉమర్. రుద్దిన ప్రతిసారీ అది కొంచెం తగ్గుతుంది.

శనివారం కార్పెట్లన్నీ పీకేశాం. హాలు, నడవ, రెండు పడకగదులు, మొత్తం 600 చదరపు అడుగులు. ఒక కంపెనీ వాళ్లొచ్చి చూసి చదరపు అడుగుకి నాలుగున్నర డాలర్లు అన్నారు. అంటే 2,700. మిషన్ అద్దెకి తెచ్చుకుని మనమే చేసుకుంటే కాగితాలు, పూత, బ్రష్షులు అన్నీ కలిపి ఏడెనిమిది వందల్లో అయిపోతుందని నా లెక్క.

అబ్బా ఆ 2,700 విని, "నేనుండగానా?" అన్నారు.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. గుంటూరులో నలభై ఏళ్లు ఆయన పని పాలిషే. ఉస్తాద్ దగ్గర షాగిర్ద్‌గా చేరి, మూడేళ్లు ఉప్పుకాగితంతో రుద్దీ రుద్దీ, ఆ తర్వాతే లక్క ముట్టుకున్నారట. దూదిని గుడ్డలో పొట్లం కట్టి, స్పిరిట్‌లో కరిగిన లక్కలో ముంచి, టేకు తలుపు మీద ఆయన చెయ్యి తిప్పుతుంటే చూడాలి! ఆ లక్క వల్లే గోళ్లు ఎప్పుడూ గోధుమ రంగులో ఉండేవి. చిన్నప్పుడు స్కూల్ గేటు దగ్గర ఆ చెయ్యి పట్టుకోవడానికి నాకు షరమ్. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. దుకాణంలో నన్ను ఒక్కరోజు కూడా రుద్దనివ్వలేదు. "నీ కాగితం వేరే బేటా, నువ్వు రాసుకో" అనేవారు.

ఆ నలభై ఏళ్లలో ఆయన ముక్కుకి ఒక గుడ్డ కట్టుకున్నది నేను చూడలేదు. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం. జేబులో ఇన్‌హేలర్. చెక్క పొడి కేన్సర్ కారకమని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. ఓక్ లాంటి గట్టి చెక్కల పొడితో ముక్కు లోపల వచ్చే కేన్సర్‌కి సంబంధముందని అందులో ఉంది. రాత్రి అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. పొద్దున లేచి ఆయనకి "మీరు ఈ పని చెయ్యకూడదు" అని చెప్పే ధైర్యమూ లేదు. నా ఇంట్లో ఆయన హునర్‌కి పనిలేదని చెప్పినట్టు కాదా?

మా ఆవిడ ఒకటే అంది: "మీరు డబ్బు లెక్క వేస్తున్నారు. అబ్బా ఇజ్జత్ లెక్క వేస్తున్నారు. ఆయన ఊపిరి లెక్క ఎవరు వేస్తారు?"

ఆదివారం అబ్బాని మిషన్లు అద్దెకిచ్చే దుకాణానికి తీసుకెళ్లాను. డ్రమ్ము చుట్టూ కాగితం చుట్టుకుని తిరిగే పెద్ద మిషన్ అది. ఒక మనిషి ఎత్తలేని బరువు. దుకాణం కుర్రాడు చెప్పాడు: ముందు నడక మొదలుపెట్టాలి, అప్పుడే డ్రమ్ము కిందికి దించాలి. ఆగే ముందు పైకి లేపేయాలి. దించి ఉంచి ఒక్క క్షణం నిలబడినా అక్కడ గుంట పడుతుంది.

"ఎంత లోతు పడుతుందో అడుగు" అన్నారు అబ్బా.

కుర్రాడు నవ్వి, ఒక నాణెం తీసి దాని మందం చూపించాడు. అబ్బా మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి, పద అన్నారు.

కార్లో చాలాసేపటికి మాట్లాడారు. "మా దుకాణంలో రుద్దడం షాగిర్ద్ పని, పూయడం ఉస్తాద్ పని. ఎందుకంటే చేత్తో రుద్దితే తప్పు కూడా మెల్లగానే జరుగుతుంది. కనబడగానే ఆపుకోవచ్చు. ఈ మిషన్‌తో అంతా ఉల్టా. ఇక్కడ రుద్దేవాడే ఉస్తాద్ అయ్యుండాలి. పోయిన లకడీ మళ్లీ రాదు. పూత పాడైతే మళ్లీ పూసుకోవచ్చు."

ఆయన మిషన్ గురించి మాత్రమే అన్నారో, తన ఛాతీని కూడా లెక్కలో వేసుకునే అన్నారో నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

అక్కణ్నుంచి పని తేలికైంది. వేడిగాలి వచ్చే జాలీ ఒకటి ఊడదీస్తే పట్టీల అంచు కనబడింది. నాలుక పైన చెక్క ఇంకా బాగానే ఉంది. తర్వాత గదిగదిలో నీటిచుక్క వేసి చూశాం. పడకగదుల్లో చుక్క ముత్యంలా నిలబడింది. అంటే పూత బతికే ఉంది, పైపైన గరుకు చేసి ఇంకో పూత వేస్తే చాలు. హాల్లో, నడవలో వేసిన చుక్క రెండు నిమిషాల్లో ఇంకిపోయి మచ్చ పడింది. అక్కడ రుద్దాల్సిందే. ఇక్కడ 1978కి ముందు కట్టిన ఇళ్లలో సీసం కలిసిన రంగులు ఉండొచ్చు కాబట్టి ఆ పరీక్ష కూడా చేయించాం. లేదని వచ్చింది, అల్హమ్దులిల్లా.

కంపెనీ వాళ్లని అడిగితే హాలు, నడవ, 350 చదరపు అడుగులు, రుద్దడం వరకే అడుగుకి మూడు డాలర్లకి ఒప్పుకున్నారు. వాళ్లు పని చేసినంతసేపూ అబ్బా పెరట్లో కుర్చీ వేసుకుని కిటికీలోంచి చూశారు. ముందు ముతక కాగితం, తర్వాత సన్నం, ఇంకా సన్నం. "హాథ్ సాఫ్ హై" అన్నారు. పొడి అంతా లాగేశాక లోపలికొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని అరచేత్తో నేలంతా తడిమారు. గోడ పక్కన ఒకచోట చెయ్యి ఆగింది. చిన్న మిషన్ వదిలిన సున్నాల గీతలు. నాకు కళ్లతో చూసినా కనబడలేదు. పనివాడు వంగి చూసి, మారు మాట్లాడకుండా మళ్లీ రుద్దాడు. వెళ్తూ అబ్బాకి షేక్‌హ్యాండ్ ఇచ్చి వెళ్లాడు.

పడకగదులు గరుకు చేసింది నేను. అబ్బా మసీదుకి వెళ్లిన టైములో, మాస్కు పెట్టుకుని, సన్న జాలీ కాగితంతో. పూత మాత్రం ఇద్దరం కలిసి. అబ్బా లక్కే వేద్దామన్నారు. లక్క మీద నీళ్లు పడితే తెల్లమచ్చలొస్తాయి కదా అన్నాను. "హౌ, వజూ చేసే ఇల్లు" అని ఒప్పుకున్నారు. నీళ్లలో కలిసే పూత తెచ్చాం. వాసన తక్కువ, కొన్ని గంటల్లో ఆరుతుంది. మూడు కోట్లు. ఒకసారి పూసినచోట ఆరుతుండగా మళ్లీ చెయ్యి పెట్టకూడదు, పట్టీ పొడుగునే పోవాలి, తడి అంచు ఆరకముందే పక్క వరస అందుకోవాలి. నలభై ఏళ్లలో నాకు ఆయన నేర్పిన మొదటి పాఠం అది.

మొదలుపెట్టే ముందు ఆయనకో మాస్కు ఇచ్చాను. గడ్డం సర్దుకుని పెట్టుకున్నారు. "ఇది అప్పుడు ఎవరైనా ఇచ్చుంటే..." అని ఆగి, "బ్రష్ అందుకో" అన్నారు.

మొత్తం ఖర్చు 1,350 డాలర్లు. మొదట చెప్పిన దాంట్లో సగం. వంటగది గుమ్మం దగ్గర నేను చెయ్యి తిరిగి పెట్టిన గీత ఒకటి సాయంత్రం వెలుతురులో కనిపిస్తుంది. దిద్దుతానంటే అబ్బా, "రహనే దే, షాగిర్ద్ నిషానీ" అన్నారు.

మీ ఇంట్లో ఇలాంటి పని వస్తే ముందు నీటిచుక్క వేసి చూడండి. తర్వాత, చేతికొచ్చే పనిలో ఏ తప్పు దిద్దుకోవచ్చో, ఏది దిద్దుకోలేమో విడదీయండి. దిద్దుకోలేని పని తెలిసినవాళ్లకి ఇచ్చేయండి. మిగతాది ఇంట్లోవాళ్లు కలిసి చేసుకోండి. పొడి లేచే పనికి మాత్రం ఎవరైనా సరే, ఒక్క రోజుకైనా సరే, ముక్కుకి మాస్కు.

రెండు వారాలు నేల మీద తివాచీ పరవొద్దన్నారు. ఆగాం. పదిహేనో రోజు హాల్లో దస్తర్‌ఖాన్ పరిచి అందరం కూర్చున్నాం. అబ్బా అన్నం కలిపే ముందు దస్తర్‌ఖాన్ అంచు కొంచెం పైకెత్తి నేల చూసుకున్నారు. నేను ఆయన చేతులు చూశాను. గోళ్లు తెల్లగా ఉన్నాయి. ఈసారి లక్క కాదు కదా.