72 గంటల్లో ఒక దోమ ఆట



మా వాడు తొమ్మిదో తరగతి. ఫోన్ ఎంతసేపు, లాప్‌టాప్ ఎంతసేపు అన్న గొడవ మీ ఇంట్లో ఎలా ఉంటుందో మా ఇంట్లోనూ అలాగే ఉంటుంది. అలాంటిది ఒకరోజు వచ్చి, "శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం సాయంత్రం దాకా గేమ్ జామ్ ఉంది, చేరనా?" అని అడిగాడు. "సోమవారం ఫౌండేషన్ టెస్ట్ ఉందిగా" అన్నారు మావారు. నా దిగులు టెస్ట్ గురించి కాదు. ఏడాదిగా వాడు ఏ పనీ చివరిదాకా తీసుకెళ్లడం లేదు. కీబోర్డ్ క్లాసు సగంలో ఆగింది, చెస్ సగంలో ఆగింది. లెక్క కాస్త మెలిక పడితే పుస్తకం మూసేసి "నాకు రాదు" అంటాడు. గడువులోపు పూర్తి చేసి అప్పజెప్పాల్సిన పనిని వాడే కోరి తెచ్చుకున్నాడు కదా అని నేను సరే అన్నాను. షరతు ఒక్కటే, రాత్రి 11కి లాప్‌టాప్ మూసేయాలి.

గేమ్ జామ్ అంటే ఆటలు ఆడే పోటీ అనుకునేరు. తయారుచేసే పోటీ. మొదట ఒక అంశం ఇస్తారు, గడువులోపు దాని మీద ఆట చేసి అందరూ ఆడేలా పెట్టాలి. 2002లో మొదలైన లూడమ్ డేర్ వీటిలో బాగా పాతది. అందులో ఒంటరిగా చేసే విభాగానికి 48 గంటలు, జామ్ విభాగానికి 72 గంటలు. మా వాడు చేరింది అంత పేరున్నది కాదు. బహుమతి కూడా లేదు. అంశం 'ఒకే గది'.

వాడు ఎంచుకున్నది బుల్లెట్ హెల్ రకం. పేరు వినగానే నా ముఖం మారింది. మీ ముఖమూ మారే ఉంటుంది. కానీ ఇందులో కాల్చడం కన్నా తప్పించుకోవడమే అసలు పని. జపాన్‌లో 1990ల ఆర్కేడ్ ఆటల నుంచి పెరిగిన రకమట. వాళ్లు దన్మకు అంటారు, బుల్లెట్ల తెర అని అర్థం. తెర నిండా వచ్చిపడే చుక్కల మధ్య సందు వెతుక్కుంటూ పోవాలి. మా వాడి ఆటలో తుపాకీ కూడా లేదు. గది మన పడకగది, ఆడేవాడు దోమ, శత్రువు మంచం కింద వెలుగుతున్న దోమల కాయిల్. కాయిల్ పొగ చుక్కలు వదులుతుంది. దోమ వాటిని తప్పించుకుంటూ నీటి బొట్లు విసిరి కాయిల్‌ను ఆర్పాలి. తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

శుక్రవారం రాత్రికి పొగ ఎటుపడితే అటు వస్తోంది. చూడ్డానికి బాగాలేదు, తప్పించుకోవడానికి దారి లేదు. నాకు కోడింగ్ రాదు, ముగ్గులు వచ్చు. కాగితం మీద నడుమ ఒక చుక్క, చుట్టూ 24 చుక్కలు పెట్టి చూపించాను. చుక్కకీ చుక్కకీ 15 డిగ్రీలు. అక్కణ్నుంచి వాడు అందుకున్నాడు. కోణం ఇస్తే ఒక్కో చుక్క అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత కదలాలో కాస్, సైన్ చెబుతాయి. ఫౌండేషన్ క్లాసులో "రాదు" అని మూసేసిన పాఠం అదే. పుస్తకం మళ్లీ తెరిచింది పరీక్ష కోసం కాదు, పొగ కోసం. ఒక్కో చుట్టును ముందుదాని కన్నా 5 డిగ్రీలు తిప్పి వదిలితే పొగంతా సుడి తిరిగింది, అచ్చం కాయిల్ లాగే.

తర్వాత వచ్చిన చిక్కు నాకు బాగా నచ్చింది. చుట్టు పెద్దదయ్యేకొద్దీ చుక్కల మధ్య సందు పెరుగుతుంది. కాయిల్ నుంచి 60 పిక్సెళ్ల దూరంలో సందు దాదాపు 16 పిక్సెళ్లు, 240 దూరంలో 63. దోమ బొమ్మ వెడల్పు 32. అంటే దగ్గరికి పోతే ఎవరూ బతకరు. ఇలాంటి ఆటల్లో ఒక కిటుకు ఉందట. బొమ్మ ఎంత పెద్దదైనా, తగిలినట్టు లెక్కపెట్టే చోటు నడిమధ్య చిన్న చుక్క మాత్రమే. రెక్కకు పొగ తాకినా ఫరవాలేదు. ఆడేవాడికి 'అబ్బ, వెంట్రుకవాసిలో తప్పించుకున్నాను' అనిపిస్తుంది. ఆ చుక్క ఎంత ఉండాలన్నది వాడు శనివారం పొద్దున్నంతా తేల్చుకున్నాడు. "కష్టంగా ఉండొచ్చమ్మా, దారి లేకుండా మాత్రం ఉండకూడదు" అన్నాడు.

ఆడి చూడ్డానికి మనిషి కావాలి. మామయ్యగారిని కూర్చోబెట్టాం. ఆయనకు డెబ్బై దాటాయి, కుడిచేయి కొద్దిగా వణుకుతుంది. ఆట చేసినవాడు పక్కన కూర్చుని ఏమీ చెప్పకూడదు, చూడాలంతే. లేకపోతే ఎక్కడ అర్థం కావడం లేదో తెలియదు. మామయ్యగారు మొదటి చుట్టులోనే పోయారు. మళ్లీ పోయారు. దోమ ఏదో, పొగ ఏదో ఆయనకు తెలియడం లేదు. పక్కన మా వాడు చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. పదమూడోసారి కూడా నోరు మెదపలేదు. నాకు మాత్రం చెప్పేయాలని నాలుక దురద పెట్టింది. హోంవర్క్ దగ్గర నేను రెండు నిమిషాలు ఆగలేను మరి!

సాయంత్రానికి రెండు మార్పులు వచ్చాయి. దోమకు పసుపు రంగు. ఇంకోటి, ఒక కీ నొక్కి పట్టుకుంటే దోమ నెమ్మదిగా కదులుతుంది, నడిమి చుక్క కనిపిస్తుంది. ఇది వాడి కనిపెట్టుడు కాదు, ఈ రకం ఆటల్లో ముందునుంచీ ఉన్నదే. కానీ వాడు దాన్ని పెట్టింది ఆ చేయి కోసం.

ఆదివారం ఇంకో గొడవ. రెండు నిమిషాలు ఆడితే ఆట నత్తనడక. తెర దాటిపోయిన చుక్కలను ఎవరూ తుడవడం లేదు, కంప్యూటర్ వేలకొద్దీ కనపడని పొగను మోస్తోంది. తుడిచేలా రాస్తే సర్దుకుంది. 1978లో వచ్చిన స్పేస్ ఇన్‌వేడర్స్‌లో దీనికి తిరగేసిన కథ ఉంది. శత్రువులు తగ్గేకొద్దీ గీయాల్సిన బొమ్మలు తగ్గి, ఆ యంత్రం వేగం పుంజుకునేది. తయారుచేసిన నిషికాడో దాన్ని సరిచేయకుండా అలాగే ఉంచేశారు.

ఆ రాత్రే అసలు పరీక్ష. రెండో దశ కోసం దోమల బ్యాట్ పట్టుకున్న తాతయ్య బొమ్మను వాడు నాలుగు గంటలు గీశాడు. అది కదలడం లేదు. టైము పదిన్నర. ఇక "నాకు రాదు" అంటాడని, లాప్‌టాప్ మూసేస్తాడని నేను ఎదురుచూస్తున్నాను. వాడు కాసేపు తెరవైపే చూసి, తాతయ్యను తీసి పక్కన పెట్టేశాడు. కాయిల్, ఐదు చుట్లు, అంతే ఆట. సోమవారం బడి నుంచి వచ్చి, గడువుకు 40 నిమిషాల ముందు పంపించేశాడు.

టెస్ట్ మార్కులు ఎప్పటిలాగే వచ్చాయి, పెరగలేదు, తగ్గలేదు. ఆటను కొద్దిమందే ఆడారు. ఒకరు మూడో చుట్టు మరీ కష్టమని రాశారు. మా వాడు ఒప్పుకున్నాడు కూడా.

మీ పిల్లలు అడిగితే ఖర్చుకు భయపడకండి. గోడో అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, మా పాత లాప్‌టాప్ మీదే నడిచింది. చిన్న తరగతుల వాళ్లకు ఎంఐటీలో పుట్టిన స్క్రాచ్ చాలు. ఆన్‌లైన్ ఖాతా మీ పేరు మీద తెరవండి. మొదట వాళ్లు చెప్పే ఆటలో సగం తీసేయమనండి, ఆ సగంలో మళ్లీ సగం వాళ్లే తీసేస్తారు.

మామయ్యగారు ఇప్పటికి నాలుగు చుట్లు దాటారు. ఐదోది కాస్త నెమ్మదిగా తిప్పమని మనవణ్ని రోజూ బతిమాలుతున్నారు. వాడు ససేమిరా అంటున్నాడు. "ఎడమవైపు సందు ఉంది తాతయ్యా" అని మాత్రం నిన్న చెప్పేశాడు.