వై నొక్కే ముందు లిస్టు చదవండి



పిల్లల చదువులు అయిపోయాక మూలన పడ్డ కంప్యూటర్ మనలో చాలామంది ఇళ్లల్లో ఉంటది. మా ఇంట్లో దానికి లైనక్స్ మింట్ వేసి, మూడేళ్ల నుంచి కౌలు, ఎరువులు, కూలీల లెక్కలన్నీ అందులోనే రాస్తున్నా. పైసా పెట్టి కొన్నది లేదు. ఈమధ్య డిస్కు నిండింది, పనికిరాని ప్రోగ్రాములు తీసేయాల్సి వచ్చింది. "వాటితో పాటు లెక్కలు కూడా పోతాయేమో" అని ఇంట్లో భయం. పోవు. ఎందుకో చెప్తా.

లైనక్స్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కడపడితే అక్కడ తెచ్చుకోనక్కర్లేదు. దానికి గోదాం లాంటిది ఉంటది, రిపాజిటరీ అంటారు. అక్కడి సరుకుకు డిజిటల్ సంతకం ఉంటుంది, సీలున్న విత్తన సంచి లెక్క. ముందు "సుడో ఆప్ట్ అప్‌డేట్" కొడితే గోదాం జాబితా కొత్తదవుతుంది. తర్వాత "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్" కొట్టి ప్రోగ్రాం పేరు రాయాలి. మోటారుకు స్టార్టరు, కేబులు కావాలి కదా, అట్లనే దానికి కావాల్సిన చిన్న ప్యాకేజీలు కూడా అదే తెచ్చుకుంటది.

తీయడానికి మూడు మాటలు. "రిమూవ్" అంటే ప్రోగ్రాం పోతది, సిస్టంలో దాని సెట్టింగులు మిగులుతాయి. తుంగ పైన కోస్తే గడ్డ భూమిలో ఉన్నట్టు. "పర్జ్" అంటే ఆ గడ్డ కూడా తవ్వేయడం. "ఆటోరిమూవ్" అంటే మోటారు పోయాక ఊరికే పడున్న స్టార్టరు, కేబులు ఏరేయడం. మన హోమ్ ఫోల్డర్‌లో రాసుకున్న ఫైళ్ల జోలికి ఈ మూడూ రావు. కొడవలి పారేస్తే కోసిన పంట పోదు కదా! అయినా పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ వేసుకున్నాకే మొదలుపెట్టా.

అసలు జాగ్రత్త వేరే చోట ఉంది. తీసే ముందు ఏమేం పోతాయో లిస్టు చూపించి, వై నా ఎన్ నా అని అడుగుతది. "పైథాన్ 3" అనే పేరు చూసి ఇది నాకెందుకులే అని తీయబోతే, దాని మీద ఆధారపడ్డ డెస్క్‌టాప్ కూడా ఆ లిస్టులోకి వస్తది. వై నొక్కితే మళ్లీ ఆన్ చేసినప్పుడు నల్ల తెర మీద అక్షరాలే మిగులుతాయి.

చదవకుండా వేలిముద్ర వేసి భూములు పోగొట్టుకున్నవాళ్లు మన ఊళ్లల్లో ఉన్నారు. ఈ లిస్టు కూడా అట్లాంటి కాగితమే. ఇంగ్లీషు రాకపోయినా పేర్లు లెక్కపెట్టొచ్చు. ఒకటి తీయమంటే నలభై పేర్లు కనబడితే ఎన్ నొక్కండి, తెలిసిన పిల్లల్ని అడిగాకే ముందుకు పోండి.