మందుకు లొంగని వేళ



కేన్సర్ ఉన్న ఇంటికి రెండు కబుర్లు భయంకరమైనవి. మొదటిది, జబ్బు ఫలానా అని తెలియడం. రెండవది, ఇన్నాళ్లూ పనిచేసిన మందు ఇక పనిచేయడం లేదని వినడం. మొదటి కబురు తెలియగానే చుట్టాలందరూ వస్తారు. రెండవ కబురు నాటికి వచ్చేవారు తగ్గుతారు. వచ్చినవారు కూడ కారణాలు వెతుకుతారు.

మా పెద్దక్కకు ఎముక మూలుగలో పుట్టే మల్టిపుల్ మైలోమా అనే కేన్సర్. మొదట ఇచ్చిన మందులతో రెండేళ్లు తన పని తాను చేసుకుంటూ తిరిగింది. తరువాత రక్తపరీక్షల్లో అంకెలు మళ్లీ పెరిగాయి. "పథ్యం తప్పావేమో" అన్నారొకరు. "వంకాయ తిన్నావా?" అన్నారు మరొకరు. అక్క వాళ్లముందు నవ్వి ఊరుకుంది గాని, రాత్రి నన్ను పిలిచి, "ఒరే తమ్ముడూ, నేనేం తప్పు చేశానురా? మందు నాకెందుకు పనిచేయకుండా పోయింది?" అని అడిగింది.

నేను డాక్టరును కాను. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారిని. నాకు అర్థమైనంత మట్టుకు ఆమెకు చెప్పిన సంగతే మీకూ చెబుతాను.

మందు పనిచేయకుండా పోవడం నిన్న మొన్నటి మాట కాదు. మన భీమవరంలో 1895లో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో తమ బృందంతో ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే మందులు తయారు చేయించారు. వాటిలో అమినోప్టెరిన్ అనే మందును సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు బోస్టన్‌లో రక్తకేన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చి చూశారు. 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. అప్పటివరకు ఎవరూ చూడని విశేషమది. అయితే 1948 జూన్‌లో అచ్చయిన ఆ వ్యాసం పేరులోనే 'తాత్కాలిక' అన్న మాట ఉంది. జబ్బు మళ్లీ తిరగబెట్టింది. ఆ పసిపిల్లలు ఏ పథ్యం తప్పారు? మందును తప్పించుకునే దారి కణమే వెతుక్కుంది. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నారు. ఆ మందు పట్టుకోవలసిన ఎంజైమును కొన్ని కేన్సర్ కణాలు ఎన్నో రెట్లు తయారు చేసుకొని తప్పించుకుంటాయని తరువాతి కాలంలో తెలిసింది.

కణం తప్పించుకునే దారుల్లో మరొకటి ఉంది. కణం మధ్యలో కేంద్రకం ఉంటుంది. గోదావరి నడుమ లంక ఉన్నట్టు అనుకోండి. మన డిఎన్ఎ ఉండేది ఆ లంకలోనే. అక్కడ పి53 అనే ప్రోటీను కాపలా కాస్తుంది. డిఎన్ఎ పాడైతే కణం రెండుగా చీలకుండా ఆపుతుంది. బాగుపడే వీలు లేకపోతే ఆ కణం చనిపోయేటట్టు చేస్తుంది. ఇక లంకనుంచి సరుకును బయటకు దాటించే పడవ ఒకటుంది. దాని పేరు ఎక్స్‌పోర్టిన్-1. ఆరోగ్యమైన కణానికీ ఆ పడవ అవసరమే. అయితే అనేక రకాల కేన్సర్లలో ఈ పడవలు ఉండవలసినదానికంటే ఎక్కువగా ఉంటాయి. అవి కాపలావాణ్ణే ఎక్కించుకొని ఒడ్డుకు దాటించేస్తాయి. అంతేకాదు, డోక్సోరూబిసిన్ వంటి మందు పనిచేయాలంటే టోపోఐసోమరేజ్ అనే ఎంజైము కేంద్రకంలో ఉండాలి. మైలోమా కణాలు దానినీ బయటకు పంపగలవు. అప్పుడు మందు లంకకు చేరినా చేయగలిగింది తక్కువ.

కాబట్టి శాస్త్రజ్ఞులు ఆ పడవనే ఆపాలని చూశారు. మొదట దొరికిన లెప్టోమైసిన్-బి మనుషులు తట్టుకోలేనంత విషపూరితమైంది. తరువాత వచ్చిన సెలినెక్సార్ అనే మాత్ర, పడవలో సరుకు ఎక్కే చోట తానే కూర్చుంటుంది. కాపలావాడు లంకలోనే ఉండిపోతాడు. అనేక మందులకు లొంగని మైలోమా ఉన్న 122 మందికి దీనిని డెక్సామెథసోన్‌తో కలిపి ఇస్తే సుమారు 26 శాతం మందిలో జబ్బు తగ్గింది. 2019 జూలైలో అమెరికా ప్రభుత్వ సంస్థ అనుమతి ఇచ్చింది. 2020 డిసెంబరులో, బొర్టెజొమిబ్‌తో కూడ కలిపి మరికాస్త ముందు దశలోనే వాడడానికి అనుమతి వచ్చింది.

ఇది సంజీవని కాదు. నలుగురిలో ముగ్గురికి ఆ ఫలితం రాలేదు. వాంతులు, ఆకలి చచ్చిపోవడం, బరువు తగ్గడం, రక్తంలో ప్లేట్‌లెట్లు, సోడియం పడిపోవడం వంటి బాధలున్నాయి. ఎవరికి తగునో డాక్టరుగారే తేల్చాలి. మా అక్కకు ప్రస్తుతం వేరే మందులు మొదలుపెట్టారు. ఫలితం ఇంకా తెలియదు.

ఇదంతా విని అక్క, "అయితే తప్పు నాది కాదన్నమాట" అంది. పడవలు, ఎంజైములు ఆమెకు ఎంతవరకు గుర్తుంటాయో గాని, ఆ ఒక్క మాట మాత్రం పట్టుకుంది. మరునాడు వాంతుల సంగతి, కాళ్ల తిమ్మిర్ల సంగతి డాక్టరుగారికి దాచకుండా చెప్పింది. అంతకుముందు తనను తప్పు పడతారేమోనని చెప్పేది కాదు.

గనుక మందు లొంగనివారి ఇంటికి వెళ్లినప్పుడు "ఏం తిన్నారు?" అని ఆరా తీయకండి. ఆస్పత్రికి తోడు వెళ్లండి. డాక్టరుగారిని అడగవలసినవి కాగితం మీద రాసి పెట్టండి. "ఇప్పుడు ఏ దారి ఉంది? దానివల్ల మేలెంత, బాధెంత, ఖర్చెంత?" ఈ ప్రశ్నలు చాలు.