ఎర్రమట్టి దిబ్బల్లో... ఒక పాటకు ఒక ఫొటో

విశాఖపట్నం నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వైపు వెళ్తుంటే, సుమారు 20 కిలోమీటర్ల దగ్గర నేల ఒక్కసారిగా ఎర్రబడుతుంది. అవే ఎర్రమట్టి దిబ్బలు. సినిమా పాటల్లో, ప్రీ వెడ్డింగ్ వీడియోల్లో చాలామంది చూసే ఉంటారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది చెయ్యి చాపి నాలుగు సెల్ఫీలు తీసుకుని, అరగంటలో బండి ఎక్కేస్తారు. కానీ ఈ చోటు అరగంటలో అర్థమయ్యేది కాదు. ఒక ట్రైపాడ్, రెండు నీళ్ల సీసాలు, ఇంతవరకు వినని ఓ పది పాటలు... వీటితో ఒక రోజంతా ఉండి చూడండి. ఫొటోలూ మారతాయి, పాటలూ మారతాయి.

ఆ ఎరుపు ఎక్కడిది?

ఇది మట్టిలా కనిపించే ఇసుక. వేల ఏళ్ల పాటు సముద్రం ముందుకీ వెనక్కీ జరుగుతుంటే, తీరంలోని ఇసుకను గాలి ఎగరేసి ఇక్కడ కుప్పపోసింది. రేణువుల చుట్టూ ఇనుము తాలూకు ఆక్సైడ్ పొరలా పట్టడంతో ఈ రంగొచ్చింది. తర్వాత వానలు ఆ దిబ్బల్ని కోసుకుంటూ పోయి గెడ్డల్లాంటి దారులు చేశాయి. అందుకే లోపలికి దిగితే రెండు పక్కలా ఎర్రటి గోడలు, పైన సన్నటి ఆకాశం. ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు మన చుట్టుపక్కల చాలా అరుదు. తమిళనాడులో, శ్రీలంకలో కొన్ని ఉన్నాయి, అంతే.

చెయ్యి చాపితే సెల్ఫీ, దూరం పెడితే పోర్ట్రెయిట్

1839లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కార్నీలియస్ అనే కుర్రాడు తన ఫొటో తనే తీసుకున్నాడు. ఇప్పుడు దాన్ని తొలి సెల్ఫీ అని సరదాగా పిలుస్తున్నారు. వెలుతురు సరిపోవాలని ఆరుబయట కెమెరా పెట్టి, దాని ముందు చాలాసేపు కదలకుండా ఉండాల్సి వచ్చింది. మనకా ఓపిక అక్కర్లేదు, పది సెకన్ల టైమర్ చాలు. కానీ పద్ధతి మాత్రం అదే. కెమెరాను దూరంగా పెట్టి, మనం వెళ్లి ఆ చోటులో నిలబడాలి.

సెల్ఫీలో మొహం ముందుంటుంది, ఊరు వెనక తెరలా వేలాడుతుంది. ట్రైపాడ్ మీద పెడితే మనం ఆ గోడల మధ్య వేలెడంత అవుతాం. మొదట్లో కాస్త నచ్చదు. "నేను కనపడట్లేదేంటి?" అనిపిస్తుంది. పది ఫొటోలయ్యాక, కనపడాల్సింది నేనొక్కణ్నే కాదు కదా అని తెలుస్తుంది. మొహం మీది మొటిమలు, ముక్కు ఆకారం గురించిన బెంగ కూడా అప్పటికి తగ్గుతుంది. నిలబడిన తీరు, నీడ పడిన వైపు... చూసేది వాటినే.

కొన్ని పనికొచ్చే చిట్కాలు. ముందు కెమెరా కన్నా వెనక కెమెరా వాడండి, స్పష్టత బాగుంటుంది. మీరు నిలబడే చోట బ్యాగు పెట్టి, స్క్రీన్ మీద దాన్ని కాసేపు నొక్కి పట్టుకుని ఫోకస్ లాక్ చేయండి. ఇంత ఎరుపు చూసి ఫోన్ రంగుల్ని చల్లబరిచేస్తుంది. ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్‌ను పగటి వెలుతురుకు పెట్టుకుంటే అసలు రంగు దక్కుతుంది. తెలుపు, ముదురు నీలం బట్టలు బాగా తేలతాయి. ట్రైపాడ్ కాళ్లను ఇసుకలోకి దించి, మధ్యలో బ్యాగు వేలాడదీస్తే గాలికి పడదు. జనవరిలో అయితే ఆరున్నరకల్లా అక్కడ ఉండాలి. ఏటవాలు వెలుతురులో గోడల మీది ప్రతి గీతా లేచి కనిపిస్తుంది. పదింటికల్లా అంతా చదునైపోతుంది. మళ్లీ సాయంత్రం నాలుగు దాటాకే.

మధ్యలో పాటలు

ఆ ఖాళీ గంటలకే పాటలు. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: ఒక పాటకు ఒక ఫొటో. పాట మొదలవగానే చోటు వెతకాలి, అయిపోయేలోపు తీయాలి. పాటలన్నీ కొత్తవే కావాలి. తెలిసిన పాటైతే అది మనల్ని పాత జ్ఞాపకంలోకి లాక్కెళ్లిపోతుంది. కొత్తదైతే ఈ చోటుకే అతుక్కుంటుంది. ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోండి. రెండో చెవికి గాలి, సరుగుడు తోటల హోరు, వెనక నుంచి వచ్చే మనుషులు వినపడాలి కదా.

నా పది పాటల్లో ఏదీ ఆ రోజు పాట కాలేదు. ఆ పాట రోడ్డు పక్కన దొరికింది. మధ్యాహ్నం తేగలు కొందామని ఆగితే, అమ్ముతున్న మామ్మ పక్కన చిన్న ఫోన్ మోగుతోంది. ఏదో తీగ వాయిద్యం. డప్పులా దెబ్బ, దాంతోపాటే మనిషి గొంతులా సాగే మూలుగు.

"ఏటి బాబూ, ఎవులూ లేకుండా ఫొటోలు దిగుతన్నావు?" అంది మామ్మ.

"నన్ను నేనే తీసుకుంటున్నా మామ్మా. ఈ పాటేంటి?"

"జముకుల కత. మా ఊళ్లో రేతిరంతా సెప్పీవోరు. కూకుని ఇనీవోలం."

జముకు ఉత్తరాంధ్ర వాయిద్యం. గుల్లగా ఉండే పాత్రకు ఒకవైపు తోలు, ఆ తోలు మధ్య నుంచి ఒక తీగ. తీగను బిగిస్తూ వదులుతూ మీటితే స్వరం పైకీ కిందికీ జారుతుంది. దాంతో గ్రామదేవతల కథల్ని రాత్రంతా పాడేవారు. 2020లో వచ్చిన 'పలాస 1978' సినిమాకు రఘు కుంచె చేసిన పాటల్లో ఈ ప్రాంతపు జానపద బాణీ మనవాళ్లందరికీ చేరింది. కానీ మూడు నిమిషాల పాట వేరు, తెల్లవార్లూ సాగే కథ వేరు. రెండో విడతలో ప్లేలిస్టు ఆపేసి, జముకు కథ వెతికి పెట్టుకున్నా. ఆ సాయంత్రం తీసిన ఫొటోల్లో నేను ఎక్కడా పోజు పెట్టలేదు. కూర్చుని వింటున్నానంతే.

వెళ్లేముందు ఒక మాట

2025లో ఈ దిబ్బలు యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. అంతకు ముందు ఏడాదే ఇక్కడ తవ్వకాల మీద పెద్ద గొడవ జరిగింది. యంత్రం సంగతి సరే, మన కాళ్లూ తక్కువేం కాదు. ఫొటో కోసం గోడ అంచు ఎక్కితే ఆ ఇసుక జారి కిందికొస్తుంది, మళ్లీ పైకెళ్లదు. గోడల మీద పేర్లు చెక్కొద్దు. దారుల్లోనే నడవండి. తెచ్చిన సీసాలు తిరిగి తీసుకెళ్లండి. వానాకాలం గెడ్డల్లోకి దిగొద్దు. చీకటి పడేలోపు రోడ్డెక్కేయండి.

విశాఖ రాలేనివాళ్లు మీ ఊరి గుట్ట దగ్గరో, చెరువుగట్టు మీదో ఇదే చేయొచ్చు. అక్కడి పాట ఏదో పెద్దవాళ్లనడగండి. ఒగ్గుకథ కావచ్చు, కిన్నెర కావచ్చు. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చేదాకా ఆ వాయిద్యం పేరే మనలో చాలామందికి తెలియదు. పాడేవాళ్లు ఎదురుగా దొరికితే మాత్రం ట్రైపాడ్ పక్కన పెట్టేసి, కథ అయిపోయేదాకా కూర్చోండి.